సిఫారసు ఉత్తరం



ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది. అబ్బాయి బి.కాం. మొదటి తరగతిలో ప్యాసయ్యాడు. చిన్ననాడే డాక్టర్లు ఆటిజం అని చెప్పారు. ఎదుటివారి కళ్ళలోకి చూసి మాట్లాడలేడు. అడిగినదానికి తప్ప మరో మాట రాదు. కాని లెక్కల పుస్తకంలో ఒక్క అంకె తప్పినా ఇట్టే పట్టేస్తాడు. మూడేళ్ళుగా ఇంటర్వ్యూలకు వెళ్తున్నాడు. ఒక్కటీ ఐదు నిమిషాలు దాటలేదు. "ఫాదర్ గారూ, ఒక సిఫారసు ఉత్తరం రాసివ్వండి" అని ఆమె వేడుకుంది.

రాశాను. పేద కుటుంబం, లోపంతో పుట్టిన బిడ్డ, దయ చూపగలరు అని. అబ్బాయి దాన్ని రెండుసార్లు చదివి, "ఫాదర్, నాకు అకౌంట్స్ వచ్చని ఇందులో లేదు" అన్నాడు. నన్ను నిందించలేదు. తప్పిన అంకెను చూపినట్లు చూపాడు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. న్యాయంగా అతనికి రావలసినదాన్ని నేను భిక్షగా అడిగాను.

మనిషి విలువ అతడు చేసే పనిలో లేదనీ, దేవుని పోలికలో సృజింపబడినందుననే అతడు విలువైనవాడనీ మన విశ్వాసం. అట్లయితే ఉద్యోగం లేకపోతే నేమి, ఇంట్లో ప్రేమగా చూసుకుంటే చాలదా? చాలదు. పుచ్చుకొనుటలోనే కాదు, ఇచ్చుటలోను మనిషి మనిషి అవుతాడు. ఇవ్వగలవానిని జీవితాంతం పుచ్చుకొనేవానిగానే ఉంచడం ప్రేమ అనిపించుకోదు. పునీత రెండవ జాన్‌పాల్ జగద్గురువులు 1981లో శ్రమను గురించి వెలువరించిన విశ్వలేఖలో, వికలాంగులు కూడా సంపూర్ణ మానవ వ్యక్తులేననీ, వారి శక్తికి తగిన పని వారికి కల్పించాలనీ బోధించారు.

చట్టం కూడా కొంత దూరం నడిచింది. 1995 నాటి చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఉంది, చదవడం రాయడంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా వంటివీ ఉన్నాయి. ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం వికలాంగులకు కేటాయించారు. అందులో 1 శాతాన్ని వీరు మరికొందరితో కలిసి పంచుకోవాలి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్లు సర్టిఫికెట్ కావాలి. ప్రైవేటు యజమానికి అటువంటి నిర్బంధం లేదు. అక్కడ పలికేది మనస్సాక్షి ఒక్కటే.

2013లో శాప్ అనే జర్మనీ కంప్యూటర్ కంపెనీ ఆటిజం గలవారిని ప్రత్యేకంగా తీసుకొనే పథకం ప్రకటించింది. సంతోషమే. కాని దీనిని చూసి, వీరందరూ మేధావులు గనుక ఉద్యోగమివ్వాలి అనేవారున్నారు. మరి మేధావి కాని బిడ్డ సంగతేమిటి? మనలో ఎందరం మేధావులమై ఉద్యోగాలు సంపాదించాం? సామాన్యమైన పనిని సామాన్యంగా చేసే హక్కు అతనికీ ఉంది.

మత్తయి సువిశేషంలోని ద్రాక్షతోట యజమానిని తలచుకోండి. మన అడ్డా కూలీల వలె సాయంకాలం దాకా అంగడివీధిలో నిలబడినవారు సోమరులు కారు, వారిని ఎవరూ పిలువలేదు. యజమాని తానే మళ్ళీ మళ్ళీ బయటికి వెళ్ళి పిలిచాడు. ఇంటర్వ్యూ అంటే మనం గదిలో కూర్చొని వారిని రమ్మనడం. పత్తర్‌గట్టీలో, లాడ్ బజారులో దుకాణాలు నడిపే మీరు, పాఠశాలలు నడిపే మేము కూడా ఒక్క అడుగు బయటికి వేయలేమా? మాటల పరీక్షకు బదులు వారం రోజులు పనే ఇచ్చి చూడండి. చేయవలసినది కాగితం మీద రాసివ్వండి. ఒకసారి ఒక్క పనే చెప్పండి. గోల లేని ఒక మూల చూపండి. ఇందుకు ఖర్చేమీ లేదు.

ఉత్తరం తిరిగి రాశాను. ఈసారి అతనికి వచ్చిన పనులన్నీ వరుసగా రాశాను, దయ అనే మాట తీసేశాను. ఒక దుకాణదారుడు నెల రోజులు చూస్తానన్నాడు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. ఆ బిడ్డ కోసం ప్రార్థించండి. ప్రార్థించి లేచాక, మీ వీధిలో పిలుపు కోసం నిలబడి ఉన్నవారెవరో ఒకసారి చూడండి.