సగం బర్రె

ఉన్నితో బొమ్మ చేయాలంటే ముందు ఫ్యాన్ ఆపాలి. ఈ విద్య మన ఎండల కోసం పుట్టింది కాదని తెలియడానికి హైదరాబాద్‌లో ఏప్రిల్ నెల చాలు. కాస్త గాలి తగిలినా పీచు లేచి ఇల్లంతా తిరుగుతుంది, చివరికి అన్నం పళ్లెంలో తేలుతుంది. అందుకే చెమటలు కక్కుతూ కూర్చోవాలి.

పని మొరటుదే. కింద మందపాటి స్పాంజి, దాని మీద ఉన్ని ఉండ, చేతిలో సూది. ఈ సూదికి బెజ్జం ఉండదు, దారంతో దీనికి పనిలేదు. మామూలుగా మూడు పలకలుగా ఉంటుంది. ఆ అంచుల మీద వేలికి తగిలీ తగలనంత సన్నటి గంట్లు ఉంటాయి, మొనవైపుకి వాలి. పొడిచినప్పుడు ఆ గంట్లు పైనున్న పీచును లోపలికి ఈడ్చుకుపోతాయి. సూది వెనక్కి వస్తుంది, పీచు రాదు. ఉన్ని వెంట్రుక మీద కంటికి కనబడని పొలుసులున్నాయి. అవి ఒకదానికొకటి చిక్కుకుంటే పీచు ముందుకు జరగగలదు గాని వెనక్కి జారలేదు. ఉన్ని స్వెటర్‌ను పొరపాటున వేడినీళ్లలో ఉతికితే పిల్లల సైజుకు కుంచించుకుపోయేదీ ఈ పొలుసుల వల్లే. ఫ్యాక్టరీల్లో ఈ సూదులను యంత్రాలకు వేలకొద్దీ బిగించి ఫెల్ట్ పలకలు, అంటే ఇలా చిక్కుపడి గట్టిపడిన ఉన్ని పలకలు, తయారుచేసేవారు. 1980లలో అమెరికాలో ఎలినార్, డేవిడ్ స్టాన్‌వుడ్ దంపతులు ఆ యంత్రం సూదినే చేత్తో పట్టుకుని బొమ్మలు చేయవచ్చని చూపించారు. నా చేతిలో ఉన్నది అలా వచ్చిన సూదే.

అల్లిక తప్పితే విప్పుకోవచ్చు. కుట్టు తప్పితే ఊడదీయవచ్చు. ఫెల్ట్‌లో మాత్రం పొడిచింది పొడిచిందే. పైనుంచి కత్తిరించవచ్చు, పైన ఇంకాస్త ఉన్ని వేసి కప్పెట్టవచ్చు, అంతే. అంటే పూర్తయిన ప్రతి బొమ్మ లోపలా మనసు మార్చుకున్న రూపాలన్నీ పూడిపోయి ఉంటాయి. కోసి చూసినా దొరకవు. అక్కడ ఉండేది గట్టిపడిన ఉన్ని ఒక్కటే.

ఇప్పుడు చేస్తున్నది బర్రెను. రంగురంగుల మెరినో ఉన్ని తెప్పించుకుంటే దొరుకుతుంది. దానితో పిచ్చుకలూ కుందేళ్లూ ముద్దుగా వస్తాయి గాని బర్రె రాదు. గొంగళ్లు నేసే కురుమల ఇంట్లో అడిగి దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని తెచ్చుకున్నాను. ముతక ఉన్ని. ఎంత పొడిచినా కొన్ని వెంట్రుకలు నిక్కబొడుచుకునే ఉంటాయి. కుందేలుకైతే అది లోపం, బర్రె వీపుకి అంతకన్నా ఏం కావాలి? (ఎన్ని నీళ్లలో జాడించినా గొర్రె వాసన పోలేదు. నాకది ఇష్టమే. ఇంట్లోవాళ్ల అభిప్రాయం వేరు.)

ఒళ్లు కుదిరింది, కాళ్లు మొండిగా ఉన్నాయి, కొమ్ములూ చెవులూ ఇంకా లేవు. పక్కింటి పాప వచ్చి "ఎలుగుబంటా ఆంటీ?" అంది. మా ఆయన ఆలుగడ్డ అన్నాడు. ఆ దశలోనే ఫొటో తీసి సిద్దిపేట వైపు ఊళ్లో ఉండే మా మేనత్తకు వాట్సాప్‌లో పంపాను. ఆమె జీవితంలో సగం బర్రెల వెంట గడిచింది. కాసేపటికి గొంతు వినిపించింది: "గిది బర్రె గాదు బిడ్డా, దున్నపోతు. పాలిచ్చేదానికి తుంటి బొక్కలు బయటికి కనబడాలె. డొక్క లోపలికి పోవాలె. గింత నున్నగ ఏడుంటది?"

అంతకుముందు పూర్తయిన బొమ్మలు ఎన్నో పంపాను. ప్రతిదానికీ ఒకటే జవాబు, "మంచిగుంది బిడ్డా." అత్తకు తెలియనిది పిచ్చుకల్లో మాత్రం ఏముంది? చెప్పదలుచుకోలేదు, అంతే. పూర్తయిన వస్తువు ముందు మనిషి చుట్టమైపోతాడు. విస్తట్లో వడ్డించింది బాగుందనకపోతే మర్యాద కాదు. అదే పొయ్యి మీద ఉడుకుతుండగా గరిటెతో కాస్త తీసి ఉప్పు చూడమంటే ఎంత మొహమాటస్తుడైనా ఉన్నమాట చెబుతాడు. చెప్పినందుకు ఫలితం ఉంటుందని అతనికి తెలుసు.

ఫెల్ట్‌కు ఆ వ్యవధి తక్కువ. ఉండ వదులుగా ఉన్నంతసేపే మాట వింటుంది. లోతు కావాలంటే ఒక్కచోటే పొడుస్తూ పోవాలి, ఎముక కావాలంటే చిటికెడు ఉన్ని పెట్టి దాని అంచుల్లోనే పొడవాలి. అత్త మాటతో డొక్క లోపలికి పోయింది, తుంటి దగ్గర రెండు గుబ్బలు లేచాయి. దాంతో ఆ నల్ల ముద్ద ఉన్నట్టుండి పాడిపశువైంది. ఒళ్లు బిర్రబిగిసి సన్న సూది దశకు వచ్చాక ఆ మాటే అని ఉంటే నేను చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు.

సగం పని చూపించకూడదని మనలో ఒక భయం లేకపోలేదు. కడుతున్న ఇంటికి దిష్టిబొమ్మ కడతాం, బూడిద గుమ్మడికాయ వేలాడదీస్తాం. పూరీ కథ తెలిసిందే. తలుపులు తీయొద్దని శిల్పి చెప్పినా, లోపల చప్పుడు ఆగిపోయిందని ఆత్రంతో తీయించారు. చేతులు పూర్తికాని జగన్నాథుడే మిగిలాడు. తొందరపాటుకు శిక్షగా ఈ కథ చెబుతారు గాని, నాకు ఆసక్తి ఆ తర్వాత జరిగినదాని మీద. ఎవరూ ఆ చేతులు పూర్తిచేయలేదు. నవకళేబరంలో కొత్త విగ్రహాలు చెక్కినప్పుడు, 2015లో కూడా, ఆ సగం రూపాన్నే మళ్లీ చెక్కారు. అదీ మూసిన తలుపుల వెనకే! మరోవైపు ఖైరతాబాద్ గణపతిని ఇనుప చట్రం నుంచీ ఊరంతా చూస్తూనే ఉంటుంది. దిష్టి తగులుతుందని అక్కడ ఎవరూ దాచలేదు. రెండు అలవాట్లూ మనవే.

నాకు దిష్టి కన్నా పొగడ్తంటే భయం. సగంలో ఉన్నదాన్ని ఎవరైనా "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అన్నారంటే చెయ్యి ఆగిపోతుంది. ఆ ముద్దును చెడగొట్టకుండా కాపాడుకోవడమే పనైపోతుంది. అందుకని ఎవరికి పంపాలో చూసుకుంటాను. ఇంకో రకం సగం కూడా ఉంది, ఫొటో కోసం సర్దిన సగం. రంగుల వారీగా పేర్చిన ఉన్ని ఉండలు, పక్కన కాఫీ కప్పు, పనిచేస్తున్నట్టు వాల్చిన సూది. అందులో చెప్పడానికి ఎవరికీ ఏమీ మిగలదు, అది చూపించడానికే పూర్తయిన వస్తువు. నా స్పాంజి మీద రాలిన పీచు, విరిగిన సూది మొన, ప్లాస్టర్ వేసుకున్న బొటనవేలు ఉంటాయి.

ఒంటరిగా కూర్చుని చేసేవాళ్లకే ఈ మీమాంస. కిర్గిజ్ ఆడవాళ్లు షిర్దక్, అలా-కియిజ్ అనే ఫెల్ట్ తివాచీలు కలిసి చేస్తారు. ఉన్ని పరిచేదీ, తడిపేదీ, చాపలో చుట్టి దొర్లించేదీ నలుగురూ పట్టాల్సిన పనే. సగం పని చూపించాలా వద్దా అన్న ప్రశ్న అక్కడ పుట్టదు, చూసేవాళ్లే చేసేవాళ్లు. అయినా ఆ విద్య తగ్గిపోతోందనే 2012లో యునెస్కో దాన్ని తక్షణం కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాలో పెట్టింది. ఇలాంటి చేతులు తరాల తరబడి ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయి. ఆల్తాయ్ కొండల్లో పజిరిక్ సమాధుల్ని 1940ల చివర్లో సెర్గీ రుదెంకో తవ్వినప్పుడు, మంచులో గడ్డకట్టి ఫెల్ట్ హంసలు దొరికాయి. 2,000 ఏళ్లు దాటినా మెడ వంపు చెదరలేదు. ఇప్పుడు హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ మెడ మరీ పొడుగైందని పక్కన కూర్చున్న ఏ అత్త అందో, దానికి చేసినవాళ్లు ఏం జవాబిచ్చారో ఆ ఉన్నిలో వెతికినా దొరకదు.

మా అత్తతో ఇప్పుడు కొమ్ముల దగ్గర పేచీ వచ్చింది. నేను ముర్రా జాతికి ఉండేలా చుట్టలు తిరిగిన కొమ్ములు చేశాను. "మన నాటు బర్రె కొమ్ములు ఎనకకు పోతయి, గిట్ల చుట్ట తిరగయి" అంటుంది. నిజమే. కానీ ఆ చుట్ట నాకు నచ్చింది, పైగా ఇంత చిన్న తల మీద ఉన్నితో పొడుగు కొమ్ములు నిలబెట్టడం వల్లకాదు. కొమ్ములు మారవు అత్తా అన్నాను.

"నీ ఇష్టం. పొదుగన్న సక్కగ పెట్టు. నాలుగు సండ్లుంటయి, మూడు పెట్టేవు."