1977 - ఎవరి లెక్కలో?

సంవత్సరాంతపు సంచికకు “ఈ యేటి ప్రపంచం” అని ఒక వ్యాసం రాసి ఇవ్వమని మన సంపాదకులు అడిగారు. సరేనన్నాను. తీరా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే కలం కదల్లేదు. నిన్న మొన్న జరిగినవాటిలో ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చి చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటి? అందుకని వారి అనుమతి లేకుండానే ఒక పని చేశాను. నేను పుట్టకముందే గడిచిపోయిన ఒక సంవత్సరాన్ని తీసుకున్నాను. అది 1977. సంపాదకులు మన్నింతురు గాక.

ఆ సంవత్సరమే ఎందుకంటే, నవంబరు 19వ తేదీ వల్ల. ఆ రోజు శనివారం. మధ్యాహ్నానికే కృష్ణా, గుంటూరు జిల్లాల తీరం మీద గాలి విరుచుకుపడింది. సాయంత్రానికి సముద్రం దివిసీమ మీదికి వచ్చేసింది. ఐదు మీటర్ల ఎత్తున ఉప్పెన. నాగాయలంక, కోడూరు, సొర్లగొంది, పాలకాయతిప్ప - ఆ వైపు ఊళ్ళ పేర్లు అప్పటిదాకా జిల్లా దాటి ఎవరికీ తెలియవు. సుమారు పదివేలమంది పోయారని ప్రభుత్వ లెక్క. అంతకంటే ఎక్కువేనని దివి వాళ్ళు ఇప్పటికీ అంటారు. గుడిసెతో సహా కుటుంబం మొత్తం కొట్టుకుపోయిన చోట లెక్క చెప్పడానికి ఎవరు మిగులుతారు?

మన గడియారం ప్రకారం ఆ రోజే అర్ధరాత్రి కావస్తుండగా, ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ ఇజ్రాయెల్ విమానాశ్రయంలో దిగాడు. నాలుగేళ్ళ క్రితం యుద్ధం చేసిన శత్రువు ఇంటికి తనంత తానుగా వెళ్ళి, మర్నాడు వారి పార్లమెంటులో నిలబడి మాట్లాడాడు. ప్రపంచంలోని కెమెరాలన్నీ అక్కడే ఉన్నాయి. టైమ్ పత్రిక ఆ సంవత్సరపు మనిషిగా ఆయన్నే ఎంచుకుంది. దివిసీమ బురదలో శవాలు తీస్తున్న రోజులవి.

ఈ మాట చెప్పగానే మనవాళ్ళలో ఒకరు తప్పకుండా అంటారు: “చూశారా, తెల్లవాళ్ళ పత్రికలకు మన ప్రాణాలంటే లెక్కలేదు!” నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు అంత సులువుగా అనలేను. సాదత్ ప్రయాణం వల్ల 1978లో క్యాంప్ డేవిడ్ ఒప్పందం, 1979లో శాంతి సంధి వచ్చాయి. 1981 అక్టోబరులో ఆయన ప్రాణమే పోయింది. ఆ తరువాత ఆ రెండు దేశాలూ ఒకదానిమీద ఒకటి యుద్ధానికి దిగలేదు. అంటే ఆ విమానం దిగడం వల్ల చావకుండా మిగిలిన సైనికులు ఎందరో ఉండాలి. వారెవరో వారికే తెలియదు. దివిసీమకూ అలాంటి తరువాయి ఒకటి ఉంది. ఉప్పెన తరువాత తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికల ఏర్పాటు మెరుగుపరిచారు. 1990 మేలో ఇంచుమించు అదే తీరానికి మరో పెనుతుఫాను వచ్చింది. ఈసారి జనాన్ని ముందే పెద్ద ఎత్తున తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. అది తక్కువేమీ కాదు. కాని 1977తో పోల్చుకుంటే, పోవలసిన వేలమంది పోలేదు. పోయినవారికి పులిగడ్డ దగ్గర స్మారక స్తంభం ఉంది. పోనివారికి ఏ స్తంభం కట్టగలం?

సంవత్సరాన్ని మనం చావులతోనూ రాకపోకలతోనూ గుర్తుపెట్టుకుంటాం. 1977లో ఆ రెండింటికీ లోటు లేదు. మార్చిలో ఎన్నికలు జరిగి ఇందిరాగాంధీ రాయబరేలీలో ఓడిపోయింది, అత్యవసర పరిస్థితి తొలగింది. ఉత్తరదేశమంతా కాంగ్రెసును ఊడ్చేస్తే మన ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే కట్టబెట్టింది. మిగిలిన ఒక్క నంద్యాల నుంచి గెలిచిన నీలం సంజీవరెడ్డిగారు జులై కల్లా రాష్ట్రపతి అయ్యారు. మార్చి 27న టెనెరీఫ్ ద్వీపంలో రెండు జంబో విమానాలు నేలమీదే ఢీకొని 583 మంది చనిపోయారు. ఆగస్టులో ఎల్విస్ ప్రెస్లీ, క్రిస్మస్ నాడు చాప్లిన్ వెళ్ళిపోయారు. సంక్రాంతికి దానవీరశూరకర్ణ, వేసవిలో అడవిరాముడు వచ్చాయి. ఈ రెంటిలో ఏది గొప్పదన్న వివాదం మా ఇంట్లో ఇంకా తేలలేదు. ఉత్తర అమెరికాలోని తెలుగువారు మొదటిసారి న్యూయార్కులో మహాసభ జరుపుకున్నది కూడా ఆ సంవత్సరమే. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రెండు వాయేజర్ నౌకలు అంతరిక్షంలోకి వెళ్ళాయి. వాటిలోని బంగారు పూత రికార్డు మీద 55 భాషల్లో పలకరింపులున్నాయి, అందులో తెలుగు ఒకటి. కేసర్‌బాయి కేర్కర్ భైరవి రాగం కూడా ఉంది. మొదటి వాయేజర్ ఎగిరిన పదకొండు రోజులకు ఆవిడ బొంబాయిలో కన్నుమూశారు.

ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. వైద్యుడిగా నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఆ అక్టోబరులో సోమాలియాలో జరిగిన ఒక చిన్న సంఘటన.

మెర్కా అనే రేవు పట్టణంలో అలీ మావ్ మాలిన్ అనే ఇరవైమూడేళ్ళ కుర్రవాడు ఆసుపత్రిలో వంటవాడు. ఒకరోజు మశూచి సోకిన ఇద్దరు పిల్లల్ని తీసుకువెళ్తున్న బండి అక్కడ ఆగి దారి అడిగింది. దారి చూపించడానికి అతను బండెక్కాడు. కొద్ది నిమిషాల ప్రయాణం. ఆ పిల్లల్లో ఆరేళ్ళ అమ్మాయి బ్రతకలేదు. అతనికి అక్టోబరు 26న ఒళ్ళంతా పొక్కులు లేచాయి. ముందు మలేరియా అనుకున్నారు, తరువాత ఆటలమ్మ అన్నారు. తీరా చూస్తే మశూచి. అతన్ని కలిసినవారు 161 మంది అని తేల్చి, ఒక్కొక్కరినీ వెతికి పట్టుకున్నారు. రెండు వారాల్లో ఆ ప్రాంతంలో 54 వేలమందికి పైగా టీకాలు వేశారు. ఎవరికీ సోకలేదు. మాలిన్ కోలుకున్నాడు. మరుసటి ఏడు ఇంగ్లండులో ప్రయోగశాల నుంచి తప్పించుకున్న వైరస్ ఒక ప్రాణం తీసింది గాని, మనిషి నుంచి మనిషికి సహజంగా వేల ఏళ్ళుగా నడిచి వచ్చిన గొలుసు మాలిన్ దగ్గర తెగిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలోనే 30 కోట్లమందిని చంపిన రోగం అది.

మన ఊళ్ళలో దాన్ని రోగం అనేవారు కాదు, “అమ్మవారు పోసింది” అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు, ఇంట్లో పోపు వెయ్యడం మానేసేవారు, మందు ఇస్తే తల్లికి కోపం వస్తుందని భయపడేవారు. మా అమ్మ ముంజేతి మీద రెండు గుండ్రటి మచ్చలున్నాయి. టీకాల మనిషి వస్తున్నాడంటే ఊళ్ళో పిల్లలందరూ గడ్డివాముల వెనక దాక్కునేవారట. మా అమ్మను వాళ్ళ నాన్న వెతికి తెచ్చి, రెక్క పుచ్చుకుని పట్టుకుంటే వేశారట. నా చేతిమీద ఆ మచ్చ లేదు. నాకు అవసరం లేకపోయింది.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. 1974లో మన దేశంలో 1,88,000 మశూచి కేసులు వచ్చాయి, 31 వేలమంది చనిపోయారు, ఎక్కువమంది బీహారులో. దాన్ని ఆపడానికి జరిగిన పనిలో బలవంతం కూడా ఉంది. రాత్రిపూట ఊరు చుట్టుముట్టి, తలుపులు తోసుకు వెళ్ళి, ఏడుస్తున్న ఆడవాళ్ళను పట్టుకుని టీకాలు వేసిన సంగతి అందులో పనిచేసినవారే రాసుకున్నారు. 1975 మే తరువాత ఇండియాలో మశూచి లేదు. 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ నిపుణులు వచ్చి చూసి, లేదని ధ్రువీకరించారు. ఆ ధ్రువీకరణకు నెల రోజుల ముందే జనం ఒక ప్రభుత్వాన్ని పడగొట్టారు. దానికి ఒక పెద్ద కారణం ఏమిటి? నస్‌బందీ. 1976-77లో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. అక్కడా జీపులే, అర్ధరాత్రి ఊళ్ళు చుట్టుముట్టడమే, తెల్లకోట్లే. ఒకదాన్ని మనం మానవజాతి విజయమంటున్నాం, రెండోదాన్ని చీకటి అధ్యాయమంటున్నాం. ఫలితం మంచిదైంది కాబట్టి మొదటిది ఒప్పు, రెండోది తప్పు అందామా? ఫలితం ముందుగా ఎవరికి తెలుసు?

నాకు తోచిన తేడా ఒకటి ఉంది. మశూచి కార్యక్రమం మొదట్లో టీకాలు లెక్కపెట్టేది. ఇన్ని లక్షలు వేశాం, ఇంత శాతం పూర్తయింది అని. అలా లెక్కపెట్టినంతకాలం రోగం పోలేదు. టీకాల మనిషి సులువుగా దొరికే బడిపిల్లలకే మళ్ళీ మళ్ళీ వేసి కోటా పూర్తిచేసేవాడు. తరువాత పద్ధతి మార్చారు. టీకాలు కాదు, రోగుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇంటింటికీ వెళ్ళి బొమ్మ చూపించి “ఇలాంటి పొక్కులు ఎవరికైనా ఉన్నాయా?” అని అడిగి, ఉన్న ఇంటి చుట్టూ కట్టుదిట్టం చేశారు. రోగం లేని ఊరిని వదిలేశారు. ఆపరేషన్ల కార్యక్రమం మాత్రం చివరిదాకా ఆపరేషన్లనే లెక్కపెట్టింది. టీచరుకు ఇంతమంది, తహసీలుదారుకు ఇంతమంది. అటువంటి లెక్కలో ఎదుటి మనిషి ఒక అంకె మాత్రమే, అతని బాగు ఎక్కడా నమోదు కాదు. కాని ఈ తేడా చూపించి, బీహారులో విరిగిన తలుపులు న్యాయమేనని నేను అనలేను. ఆ తలుపుల వెనక ఉన్నవాళ్ళను నేను అడగలేదు. మా అమ్మను మాత్రం అడిగాను. “అయ్యో, నాన్న పట్టుకోకపోతే నేనుండేదాన్నా, నువ్వుండేవాడివా?” అంది. ఆవిడను పట్టుకున్నది సొంత తండ్రి. అది వేరు.

వైద్యుడు ఎవరి తరఫున నిలబడ్డాడన్న ప్రశ్నకు 1977 ఇచ్చిన మరో జవాబు దక్షిణాఫ్రికాలో ఉంది. స్టీవ్ బీకో నాటాల్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతూ మధ్యలో బహిష్కరింపబడినవాడు. ఆ సెప్టెంబరులో పోలీసు నిర్బంధంలో తలకు దెబ్బలు తగిలి పడి ఉంటే, ప్రభుత్వ వైద్యులు వచ్చి చూశారు. మెదడు దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. పోలీసులు ప్రిటోరియా తీసుకువెళ్తామంటే వైద్యులు కాదనలేదు. ఒంటిమీద బట్టల్లేకుండా జీపు వెనక పడేసి వెయ్యి కిలోమీటర్లకు పైగా తీసుకువెళ్ళారు. 12వ తేదీన చనిపోయాడు. అక్కడి వైద్య మండలి మొదట వైద్యుల తప్పేమీ లేదంది. కొందరు తోటి వైద్యులే కోర్టుకు వెళ్ళి పోరాడితే, 1985లో ఒకరి పట్టా రద్దయింది, మరొకరికి మందలింపు వచ్చింది. ఆ ఇద్దరూ రాక్షసులని నేననుకోను. ఎదురుగా పోలీసు అధికారి నిలబడి ఉంటే “వీల్లేదు” అనే రెండు ముక్కలు నోటికి రాలేదు, అంతే. నాకు వచ్చేవా?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. ఆమధ్య మన తెలుగావిడే ఒకరు చంటిబిడ్డను తీసుకుని వచ్చారు. తట్టు టీకా వద్దన్నారు. ఎవరో ఏదో చెప్పారట, పిల్లవాడికి మాటలు రావేమోనని భయం. నేను అంకెలు చెప్పాను. ఆవిడ తల ఊపారు గాని ఒప్పుకోలేదు. నాకు కోపం వచ్చింది. బయట పదిమంది వేచి ఉన్నారు, పొద్దున్నుంచి తిండి లేదు. “చదువుకున్నవారు, మీరే ఇలా మాట్లాడితే ఎలాగమ్మా?” అని కసిరాను. ఆవిడ మారు మాట్లాడకుండా బిడ్డను ఎత్తుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఇంకో డాక్టరు దగ్గర వేయించారో లేదో నాకు తెలియదు. ఆ రోజు నేనూ టీకానే లెక్కపెట్టానన్నమాట.

మాలిన్ సంగతి పూర్తిగా చదివింది ఆ తరువాతే. అతను ఆసుపత్రిలో వంటవాడు మాత్రమే కాదు. అంతకుముందు మశూచి నిర్మూలన కార్యక్రమంలోనే టీకాలు వేసే పని చేసినవాడు. ఊరందరికీ వేసి తను మాత్రం తప్పించుకున్నాడు. సూది నొప్పి పుడుతుందని భయపడ్డానని తరువాత తనే చెప్పుకున్నాడు. అతన్ని ఎవరూ శిక్షించలేదు. ఏళ్ళ తరువాత సోమాలియాలో పోలియో టీకాల పనిలో చేరాడు. వద్దని మొండికేసే తల్లులకు తన కథే చెప్పేవాడట: నేనూ మీలాగే భయపడ్డాను, చూడండి ఏమైందో అని. 2013లో అక్కడ పోలియో మళ్ళీ తలెత్తినప్పుడు మెర్కా చుట్టుపక్కల తిరుగుతూ ఉండగా అతనికి జ్వరం వచ్చింది. మలేరియా. ఈసారి నిజంగా అదే. ఆ జులైలో చనిపోయాడు. సోమాలియాలో ఆ పోలియో వ్యాప్తి తాలూకు చివరి కేసు మరుసటి ఏడు ఆగస్టులో నమోదైంది.