కాయకము, దాసోహము, ఋణవిముక్తి



ఋణము చేయుట పాపము కాదు. ఋణమును లెక్కింపక మరుగుపరచుటయే గృహమును క్రుంగదీయును. భర్తను గోల్పోయి, బిడ్డల భారమును ఒంటరిగా మోయుచున్న తల్లి యొకతె యింటి స్థితిని పరికింపుడు.

భర్త జీవించియున్నపుడు దంపతులిరువురును సంతకము చేసి గృహఋణము తీసికొనిరి. చిన్న దుకాణమునకై ఓవర్‌డ్రాఫ్టు ఖాతాయు తెరచిరి. అతడు లింగైక్యుడైన పిదప రెండు భారములును ఆమెపై బడినవి. ఇంటి వాయిదా తేదీ వచ్చును. చేతిలో పైకము చాలదు. ఓవర్‌డ్రాఫ్టు నుండి తీసి వాయిదా చెల్లించును. ఆ నెల గడచినట్లే తోచును. కాని సాధారణముగా గృహఋణమునకన్న ఓవర్‌డ్రాఫ్టునకు వడ్డీ హెచ్చు. తక్కువ వడ్డీ అప్పును హెచ్చు వడ్డీ అప్పుతో తీర్చుట చిల్లికుండతో నీరు తోడుట వంటిది.

ఆయ్దక్కి లక్కమ్మ చరిత్ర శరణులెల్లరు ఎరిగినదే. భర్త మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యపుగింజలు ఏరితెచ్చెను. ఆ సాధ్వి మిగులు గింజలను తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. తన కాయకమునకు లభించినదే తనదని ఆమె నిశ్చయము. బ్యాంకు ఇచ్చిన ఓవర్‌డ్రాఫ్టు పరిమితియు అట్టిదే. అది సంపాదన కాదు. పరుల వాకిటి గింజ. వాడుకొన్న మొత్తమునకు, వాడుకొన్న దినములకు మాత్రమే దానిపై వడ్డీ పడును. కావున దుకాణపు రాబడిని ఇంట నుంచక ఏనాటిదానిని ఆనాడే ఆ ఖాతాలో జమ చేసిన వడ్డీ తగ్గును.

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణమున బిజ్జలుని భండారి. భండారపు ధనమును జంగములకు వెచ్చించుచున్నాడని కొందరు కొండెములు చెప్పగా, లెక్క చూపుటకు ఆయన వెనుదీయలేదని, ధనము సరిపోయినదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము తెలుపుచున్నది. లెక్క చూపుట అవమానము కాదు. ఆ తల్లియు మొదట ఒక పుస్తకమున రాబడి, వ్యయము, రెండు అప్పులు వ్రాసికొనవలెను. ఋణము తీసికొన్ననాడు దానికి బీమా చేయబడినదా యని పత్రములు వెదకవలెను. బీమా యుండి భర్త పేర వర్తించినచో భారము చాలవరకు తీరవచ్చును.

వాయిదా తప్పకమునుపే బ్యాంకునకు పోవలెను. వాయిదా 90 దినములు మించి చెల్లనిచో ఆ ఋణము నిరర్థక ఆస్తిగా లెక్కింపబడును. పిదప 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద 60 దినముల నోటీసు ఇచ్చి, అప్పటికిని బాకీ తీరనిచో, ఇంటిని స్వాధీనము చేసికొను అధికారము బ్యాంకునకు కలదు. ముందే పోయిన వారు ఓవర్‌డ్రాఫ్టును నెలవారీ వాయిదాల అప్పుగా మార్చుమనియు, ఇంటి అప్పు గడువు పెంచుమనియు కోరవచ్చును. అయితే గడువు పెంపునకును వెల కలదు. 9 శాతము వడ్డీకి 10 లక్షల అప్పు 20 ఏండ్లకైన నెలకు సుమారు 8,997 రూపాయలు; 25 ఏండ్లకైన 8,392. నెలకు 605 రూపాయలు తగ్గును గాని, మొత్తముమీద సుమారు మూడున్నర లక్షలు అధికముగా చెల్లింపవలసి వచ్చును. ఊపిరి సలుపుటకు గడువు పెంచుకొన్నను, చేయి ఆడిననాడు అసలులో కొంత ముందుగా కట్టవలెను.

వసూలుకు వచ్చువారు ఉదయము 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించినది. భయపెట్టినచో బ్యాంకునకును, అచ్చట 30 దినములలో పరిష్కారము దొరకనిచో అంబుడ్స్‌మనుకును ఫిర్యాదు చేయవచ్చును. దానికి రుసుము లేదు.

తండ్రి అప్పు తీర్చుటకై పెద్దకుమారుని చదువు మాన్పింపవలెనని బంధువులు చెప్పుదురు. 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము తరువాత చేసిన అప్పులకు, పుత్రధర్మమను ఒక్క కారణముతో కుమారునిపై న్యాయస్థానము భారము మోపదు. తాకట్టుపడిన యిల్లు బాధ్యతనుండి తప్పించుకొనలేదన్నది నిజమే. కాని బిడ్డ చదువు తాకట్టు పడలేదు.

ఇచ్చట సమాజమునకును కర్తవ్యము కలదు. కర్మాంతరములకు, విందులకు ఆమెచే మరల అప్పు చేయించుట దాసోహము కాదు. ఇష్టలింగార్చనకు చిటికెడు విభూతి, ఒక పత్రి, శుద్ధమైన మనస్సు చాలును. అప్పుతో చేయు జంగమార్చనను వలదని చెప్పగలవాడే నిజమైన జంగముడు. మఠములు ఆ బిడ్డలకు అన్నము, వసతి, పుస్తకములు సమకూర్చినచో, లెక్క తెలిసిన పెద్ద యొకరు ఆమెతో బ్యాంకునకు పోయి వచ్చినచో, అదియే దాసోహము.

కాయకమున సంపాదించి, మితముగా వెచ్చించి, లెక్క దాచక జీవించు ఆ తల్లి గృహమే కైలాసము. ఆమె వాకిట నిలిచి చేయూతనిచ్చుట శరణుల ధర్మము.