పాట క్రింద నున్న పేరు

ఆదివారము ఆరాధనలో పాటల పుస్తకము తెరచినప్పుడు నీ కన్ను మొదట దేనిమీద పడును? పాట సంఖ్యమీద, పిమ్మట పల్లవిమీద. పైన చిన్న అక్షరములతో నుండు రాగమును తాళమును చూచువారు తక్కువ. కట్టినవాని పేరు చదువువారు మరియు తక్కువ. ఈ నెల ఆ పేరునొద్ద కొంతసేపు నిలువుమని నిన్ను వేడుకొనుచున్నాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుటలు త్రిప్పుచుండగా మాటిమాటికి ఎదురగు పేరు పురుషోత్తమ చౌధరి.

ఆయన 1803లో పర్లాకిమిడి వైపు స్థిరపడిన ఒక వంగదేశ బ్రాహ్మణ కుటుంబమున పుట్టెను. శాస్త్రములు చదివి, మనశ్శాంతి వెదకుచుండగా ఒక చిన్న కరపత్రము ఆయన చేతికి వచ్చెను. 1833లో కటకములో బాప్తిస్మము పొందెను. ఆ కాలమున బ్రాహ్మణునికి బాప్తిస్మమనగా ఏమి? పంక్తిలో విస్తరి పోవును. పెండ్లికి పిలుచు ఇల్లు పోవును. చచ్చినప్పుడు పాడె మోయు భుజము పోవును. ఇన్నియు విడిచి ఆయన నీళ్లలోనుండి పైకి వచ్చెను. తరువాత శ్రీకాకుళము, విశాఖపట్నము, బరంపురము ప్రాంతములలో సువార్త చెప్పుచు, పాటలు కట్టుచు, ముదిమి వచ్చువరకు పనిచేసి 1890లో కన్నుమూసెను. ఆయన కీర్తనలు నూటికి పైగా మనకు మిగిలియున్నవి.

ఆ దినములలో సంఘములలో వినబడు పాటలు చాలవరకు ఇంగ్లీషు పాటలకు తర్జుమాలు, ఇంగ్లీషు రాగములలో పాడునవి. మాట తెలుగే గాని నడక మనది కాదు. చౌధరి మన పల్లవి, అనుపల్లవి, చరణములతో, మన రాగ తాళములలో కట్టెను. తిరువయ్యారులో త్యాగరాజు 1847 వరకు జీవించియుండెను గనుక ఈ ఇద్దరును కొంతకాలము ఒకే కాలపువారు. అయితే చౌధరి పాటలతో ఊరకుండలేదు. 'కులాచార పరీక్ష' అను పుస్తకమును కూడ వ్రాసెను. ఆయన పాటలు మనకు కంఠస్థము. ఆ పుస్తకము పేరైనను మనలో ఎందరు వినియున్నారు?

ఆ పాటలు ఇక్కడికి ఎట్లు వచ్చెనో చూడుము. మన గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభము చెరువు నింపి, ఒంగోలు వైపు సాగును. 1876లో మొదలైన గొప్ప కరవు తీరుచున్న దినములలో, 1878 జూలై 3న, ఆ యేటిలో వెల్లంపల్లి యొద్ద 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు తోలుపని చేయు మాదిగవారు. ఆనాటికి చౌధరి డెబ్బదినాలుగేండ్ల వృద్ధుడు. ఆయన పుట్టుకను బట్టి ఎవరి నీడ తనమీద పడకూడదో, వారి నోటికే ఆయన పాట చేరెను. చదువు రానివారు విని నేర్చుకొనిరి. మార్కాపురము పలకమీద వ్రాసినది తడిగుడ్డతో చెరిగిపోవును గాని, చెవితో నేర్చినది చెరుగలేదు.

ఇక్కడ మన సంగతి ఒకటి దాచక చెప్పవలెను. కంభము, మార్కాపురము వైపు అమెరికను బాప్తిస్టులు వచ్చిరి. వారి సంఘములలో ఎక్కువమంది మాదిగవారు. నంద్యాల, గిద్దలూరు వైపు ఎస్.పి.జి. మిషను వచ్చెను, అక్కడ ఎక్కువమంది మాలవారు. దొరలు వేరు, బాప్తిస్మమిచ్చు పద్ధతి వేరు, ప్రార్థనపుస్తకము వేరు. కీర్తనలు మాత్రము ఒక్కటే. పాటకు అడ్డురాని గోడ, పెండ్లికి ఎందుకు అడ్డువచ్చుచున్నది?

"అయ్యా, పాట వేరు, పాట కట్టినవాని బ్రదుకు వేరు. పాట నిజమైతే చాలదా?" అని ఎవరైన అడుగవచ్చును. ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. ఐర్లండు దేశమున 1819లో పుట్టిన జోసెఫ్ స్క్రివెన్‌ను తలంచుకొనుము. యేసు మనకు మిత్రుడని చెప్పు ఆ ప్రసిద్ధమైన పాట ఆయనదే. పెండ్లి కానున్న కన్యక నీళ్లలో మునిగి చనిపోగా, ఆయన కెనడాకు వలసపోయెను. దూరమున నున్న తల్లి దుఃఖమందున్నదని విని ఆ పాట వ్రాసి పంపెను. బహుకాలము అది ఎవరిదో లోకమునకు తెలియలేదు. అయినను వేలమంది కన్నీళ్లు తుడిచెను. కాబట్టి పేరు తెలియకున్నను పాట పనిచేయును; నేను ఒప్పుకొందును. అయితే ఆ స్క్రివెన్ డబ్లినులో పట్టము పొందిన చదువరి. అట్టివాడు రంపము భుజమున వేసికొని, కూలి ఇయ్యలేని విధవరాండ్రకు, రోగులకు కట్టెలు కోసిపెట్టెనని చెప్పుకొందురు. ఇతడును తన మెట్టు దిగినవాడే. మెట్టు దిగినవారి పాటలను మన మెట్టుమీదనే కూర్చుండి పాడవచ్చునా? నాకు ఈ ప్రశ్న వచ్చినది పుస్తకములలోనుండి కాదు.

కొంతకాలము క్రిందట ఒక ఇంట సంబంధము మాటాడుటకు నన్ను పిలిచిరి. చిన్నవాడు మార్కాపురము వైపువాడు, చిన్నది గిద్దలూరు వైపుది. ఇద్దరును చదువుకొన్నవారే, ప్రార్థనాపరులే. మొదట పాట పాడితిమి. ఎత్తుకొన్నది చిన్నవాని నాయనమ్మ; అక్షరము రాదు గాని చరణము తప్పలేదు. అది చౌధరి కీర్తన. అందరు పుస్తకము లేకయే పాడిరి. ప్రార్థన ముగిసిన వెంటనే చిన్నవాని తండ్రి నా చెవిలో, "ఇంతకీ వాళ్లేమిటోళ్లు అయ్యగారూ?" అని అడిగెను.

నేను అతనికి ఉత్తరమియ్యక ముసలామె వైపు తిరిగి, "అమ్మా, ఇప్పుడు పాడితివే, ఆ పాట ఎవరిది?" అంటిని.

"మాదేనయ్యా. మాయమ్మ నేర్పింది."

కట్టినవాని పేరు, పుట్టుక చెప్పితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "బాపనాయనా? మరి మనోళ్లతో కూర్చోని తిన్నాడా?" అనెను.

"ఏ కులమని అడుగని ప్రభువు బల్లయొద్దకే ఆయన వచ్చెనమ్మా" అంటిని.

ఆమె మరి మాటాడలేదు. కొడుకు వైపు చూచెను. అతడు కాఫీ గ్లాసు చేత పట్టుకొని వాకిటి వైపు చూచుచుండెను. ఆ సంబంధము మాట ఇంకను తేలలేదు.