కర్త యొకడు, భోక్త మరియొకడు

1934 జనవరి 15వ తేదీ అపరాహ్ణమున బీహారును నేపాళమును ఒక్కపెట్టున కుదిపి వేలకొలది ప్రాణములను బలిగొన్న భూకంపము, అంటరానితనమను మన పాపమునకు దైవము విధించిన దండనమని, అస్పృశ్యతా నివారణమునకై దక్షిణదేశమున పర్యటించుచుండిన గాంధీమహాత్ముడు పలికెను. రవీంద్రనాథ ఠాకూరు ఆ మాటకు మిక్కిలి నొచ్చుకొని, భౌతికమైన ఉత్పాతమునకు భౌతికమైన కారణమే యుండునుగాని మానవుల నీతితో దానికి ముడివేయరాదని వ్రాయగా, ఆ లేఖను గాంధీజీ తన ‘హరిజన్’ పత్రికయందే తన సమాధానముతోపాటు ప్రకటించెను. ఈ వివాదమును తలచినప్పుడెల్ల నా బుద్ధి ఠాకూరు పక్షమునకే మొగ్గును. అయినను పాపమను మాటను ఆ శిథిలములనుండి పూర్తిగా తొలగించుటకు మనస్సొప్పదు. భూమి మన పాపపుణ్యముల నెరుగదు, నిజమే. కాని భూమికిని మనిషికిని నడుమ ఇల్లు కలదు, ఆ ఇల్లు మనిషి కట్టినది.

మహాభారతమందలి అనుశాసనపర్వమున దైవ పురుషకారముల బలాబలములు చర్చకు వచ్చినప్పుడు, దైవము విత్తనముతోను పురుషకారము పొలముతోను పోల్చబడినవి. ఆ పోలిక విపత్తునకును సరిపోవునని నాకు తోచుచున్నది. భారతఫలకము యూరేషియా ఫలకము క్రిందికి చొచ్చుకొనిపోవుట మన చేతిలో లేని విత్తనము. పూర్వమొక సరస్సుగానుండి, అడుగున పేరుకొన్న మెత్తని మట్టివలన భూమి ఊపును ఇనుమడింపజేయు ఖాట్మండు లోయలో, కొడుకు పెండ్లికి మూడవ అంతస్తును, అద్దె రాబడికి నాలుగవ అంతస్తును, పునాది నడుగకయే ఎత్తుకొనుచు పోయిన నగరము మనము దున్ని యుంచిన పొలము. 1934 నాటి కంపము మరల వచ్చినచో లోయలో దాదాపు 40,000 మంది మరణింతురని 1990 దశకమందే నిపుణులు లెక్కకట్టిరి.

అట్టి లెక్క కట్టువారి పని పైకి అతిసామాన్యముగా కనబడును. ఇంటింటిని తొలిచి పరీక్షించుటకు ధనముగాని కాలముగాని చాలదు గనుక, వారు వీధివెంట నడచుచు, అంతస్తులెన్ని, క్రింది అంతస్తు గోడలు లేక పార్కింగుకై పిల్లర్లమీదనే నిలిచినదా, పై అంతస్తులు వీధిపైకి పొడుచుకొనివచ్చినవా, ఏ యేట కట్టినది, నేల యెట్టిదని గుర్తు వేసికొని, అనుమానింపదగిన వానిని లోతైన పరీక్షకు వేరుచేయుదురు. వారి కంటికి అందనిది యొకటి కలదు. పిల్లరులోని నిలువు కడ్డీలను చుట్టి బిగించు రింగుల కొసలను 135 డిగ్రీలవరకు వంచి కాంక్రీటు గర్భములోనికి చొప్పింపవలెను. అట్లు వంపనిచో, ఊపునకు పై పొర రాలగనే రింగు విచ్చుకొనును, కడ్డీలు వంగును, పిల్లరు కూలును. ఆ వంపునకు మేస్త్రీకి పట్టునది క్షణకాలము. కాంక్రీటు పోసినపిదప దానిని చూచువాడెవ్వడును లేడు. ఎవ్వరును చూడనిచోట మనిషి చేయు కర్మకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణమును నేనెరుగను.

చేసినవాడే అనుభవించుననుట కర్మసిద్ధాంతమునకు ప్రాణము. నగరము ఆ న్యాయమును తారుమారు చేసినది. 2001 జనవరి 26వ తేదీ ఉదయమున కచ్ఛ్‌లో భూమి కంపింపగా, రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న అహమ్మదాబాదులో, క్రింది అంతస్తును పార్కింగునకు వదలి పిల్లర్లపై నిలిపిన బహుళాంతస్తుల భవనములు అనేకములు కూలినవి. కూలినది కట్టినవారిమీద కాదు, అప్పుచేసి కొనుక్కొన్నవారిమీద, అద్దెకున్నవారిమీద. (1969 ఏప్రిలులో భద్రాచలప్రాంతము కంపించిన సంగతి మరచి, మన విజయవాడలోను అట్టి పిల్లర్లమీదనే కాపురములు పెట్టుచున్నాము.) ఆ శిథిలములక్రింద నలిగిన పసిబిడ్డ ఏ పూర్వజన్మమున ఏమి చేసెనోయని వెదకుట నాకు దైవదూషణముగా తోచును. ఈ జన్మమందే ఇనుము తగ్గించినదెవరు, చూడకయే అనుమతిముద్ర వేసినదెవరు అని అడుగుటయే ఆస్తికునకు తగిన విచారణ.

అయితే ఏ యిల్లు నిలువదో తెలిసికొనుటలోనే ధర్మసంకటము మరియొకటి పుట్టుచున్నది. తెలియనంతవరకు దైవమని ఊరకుండదగినది, తెలిసినపిదప ఉపేక్ష యగును. కాని ఆ తెలివియొక్క భారమును ఎవని తలపై పెట్టుదము? కూలిడబ్బులతో ఒక్కొక్క గదియే పెంచుకొన్నవాని చేతిలో, నీ యిల్లు నిలువదని కాగితముంచి వెడలిపోవుట హింసయే. ఆ యిల్లు విడిచి అతడు పోగలిగిన చోటు అంతకంటెను బలహీనమైనది. తెలిసియు, చేయగల శక్తియుండియు చేయని పురపాలకులును ప్రభుత్వములును ఆ క్షణమునుండి ఆ యింటి కూలుటకు కర్తలని నేను నిశ్చయముగా నమ్ముచున్నాను.

2015 ఏప్రిలు 25వ తేదీ మధ్యాహ్నము కావచ్చుచుండగా నేపాళము మరల కంపించినది. దాదాపు తొమ్మిదివేలమంది మరణించిరి. వేల పాఠశాలలు దెబ్బతిన్నవి. ఆనాడు శనివారము, అచ్చట బడులకు సెలవుదినము, గనుక పిల్లలు వానిలో లేరు. ఆ శనివారమునకై దైవమునకు చేతులు మోడ్చినవారితో నేనును మోడ్చుచున్నాను. అయితే అంతకు కొన్ని యేండ్ల ముందునుండియే ఖాట్మండు లోయలోని కొన్ని బడులను, ఊరి మేస్త్రీలకే పని నేర్పి, పాత గోడలకు ఇనుపకట్టు వేయించి బలపరచుచు వచ్చిరి. అవి నిలిచినవి, ఇండ్లు పోయి బయలున పడినవారు కొందరు ఆ రాత్రులయందు వానిలోనే తలదాచుకొనిరి.