ఎవరి నోట ఎవరి మాట?

సామెతల గ్రంథము 31వ అధ్యాయములో రాజైన లెమూయేలునకు అతని తల్లి నేర్పిన ఉపదేశమున్నది. మాటలాడలేని వారి పక్షమున రాజు మాటలాడవలెనని ఆ తల్లి బోధించెను. ఈ అధ్యాయమును మన సంఘములలో తరచుగా చదువుదుము గాని, గుణవతియైన భార్యను గూర్చిన భాగమునకే మన ప్రసంగములు పరుగెత్తును. ఎనిమిదవ వచనము వెనుకబడిపోవును.

బుద్ధి ఎదుగుదలలో నిదానించినవారు, ఆటిజం గలవారు, సెరిబ్రల్ పాల్సీ వలన మాట స్పష్టముగా రానివారు మన గ్రామములలో నున్నారు. 2011 జనాభా లెక్కలలో బుద్ధిమాంద్యము గలవారని వ్రాయబడినవారే దేశమందు 15 లక్షలు. వీరి పక్షమున మాటలాడుట ధర్మమే. అయితే ప్రియ చదువరులారా, మనము వారి పక్షమున మాటలాడుచున్నామా, వారికి బదులుగా మాటలాడుచున్నామా? ఈ రెండును ఒకటి కావు.

యెరికో త్రోవలో బర్తిమయి కేకలు వేసినప్పుడు జనులు అతనిని గద్దించిరి. ప్రభువైతే అతనిని పిలిపించి, ఏమి కావలెనో అడిగెను. గ్రుడ్డివానికి ఏమి కావలెనో అచ్చటి పిల్లవానికైనను తెలియును, ప్రభువునకు తెలియకపోవునా? అయినను అడిగెను. అడుగుటలోనే అతనిని మనుష్యునిగా ఎంచుట యున్నది.

మా ప్రాంతమున తండ్రి చనిపోయిన యొక యింట అన్నదమ్ములు పంపకమునకు కూర్చుండిరి. కడగొట్టువానికి ముప్పది యేండ్లు, బుద్ధి నిదానము. "వాడికేం తెలుసు, ఎవరింట్లో ఉంటే ఏంటి" అని మేనమామ అనెను. అతనినే అడుగుడని మేము చెప్పితిమి. అతడు చాలసేపు నేల చూచి, "చిన్నక్క కాడ ఉంటా. గేదె నాది" అనెను. ఆ గేదెను ఏడేండ్లుగా కడిగి మేపినవాడతడే. అంతవరకు పంపకములో గేదె మాట ఎవరును ఎత్తలేదు.

ఒక యింట ఒకసారి అడిగినంత మాత్రమున పని తీరదు. ఇట్టి బిడ్డల తల్లులందరి గుండెలోను ఒకే ప్రశ్న యున్నది: మేము పోయిన తరువాత వీనికి దిక్కెవరు? ఆ ప్రశ్న నిమిత్తమే 1999లో జాతీయ ట్రస్టు చట్టము వచ్చినది. సంరక్షకుని నియమించుటకు స్థానిక కమిటీ యుండును. అందులో కలెక్టరు స్థాయి అధికారి యొకరు, నమోదైన సంస్థ ప్రతినిధి యొకరు, వికలాంగుడొకరు కూర్చుందురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మరి యొక మెట్టు ఎక్కి, పరిమిత సంరక్షకుడు ఆ మనుష్యుని సంప్రదించి, అతనితో కలిసియే నిర్ణయింపవలెనని చెప్పుచున్నది. చట్టము మంచిదే. అయితే కలెక్టరు కచేరీ మెట్లెక్కి దానిని అడుగువారెవరు? ఒంటరి తల్లి వెళ్లినయెడల రేపు రమ్మందురు. పదిమంది తల్లులు, వారితో కూడ వారి బిడ్డలు వెళ్లినయెడల కుర్చీలు వేయుదురు. లోకము తీరు అది.

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రమున 1974లో బుద్ధిమాంద్యము గలవారే ఒక మహాసభ జరిపిరి. తమ వైకల్యమునకు ముందు తాము మనుష్యులమని చెప్పుకొని, 'పీపుల్ ఫస్ట్' అని పేరు పెట్టుకొనిరి. 1987లో మిన్నెసోటా రాష్ట్రమువారు తల్లిదండ్రులను, వైకల్యము గల పెద్దలను ఒకే తరగతిలో కూర్చుండబెట్టి, చట్టమెట్లు పుట్టునో, శాసనసభ్యునితో ఎట్లు మాటలాడవలెనో నేర్పసాగిరి. మన దేశమందును తల్లిదండ్రుల సంఘములు 'పరివార్' అను సమాఖ్యగా కూడియున్నవి. ఇట్టి కూడికలలో తల్లి ఒక్కతే నాయకురాలు కాదు, బిడ్డయు నాయకుడగును.

మరి బొత్తిగా మాట లేనివారి సంగతి ఏమి? ఈ ప్రశ్న కఠినమైనది, దీనిని దాటిపోరాదు. కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసిరి. ఒక్కడు మోసియుండలేడు, ఇంటికప్పు విప్పియుండలేడు. ఆ రోగి యొక మాట పలికినట్లు మార్కు వ్రాయలేదు. కప్పు మీదికి ఎక్కించుటకు ముందు వారతనిని అడిగిరా అని మేము పలుమార్లు తలంచితిమి. మాట లేకున్నను కన్నులున్నవి, ముఖము త్రిప్పుకొనుట యున్నది, చేయి పట్టుకొనుట యున్నది. ఏండ్ల తరబడి దగ్గర నున్నవారు వాటిని చదువగలరు. దూరపు అధికారి చదువలేడు, ఆదివారము మాత్రమే చూచు పాస్టరును చదువలేడు. కాబట్టి మోయువారిలో అనుదినము చూచువారొకరు తప్పక యుండవలెను.

మా పాస్టరేటులో మూడు గ్రామముల నుండి ఐదుగురు తల్లులు, మాట వచ్చిన బిడ్డలిద్దరు నెలకొకసారి కూడుకొనుచున్నారు. ధ్రువపత్రము ఎవరికి రాలేదో, పింఛను ఎవరికి నిలిచినదో పుస్తకములో వ్రాసికొనుచున్నారు. కూడిక సాయంకాలము ఐదు గంటలకని మొదట నిర్ణయించిరి. అది పాలు పితుకు వేళయని గేదె గలవాడు లేచి చెప్పెను. ఇప్పుడు రెండు గంటలకే కూడుచున్నారు.