లండన్‌లో మూడు వారాల మాక్రో

బుజ్జీ,

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ సమ్మర్ స్కూల్లో నీకు సీటు ఖాయమైందని మీ నాన్న ఫోన్ చేశాడు. మాక్రో తీసుకున్నావట, మంచిపని చేశావు. మూడు వారాల్లోనే కోర్సు ముగించేస్తారు కాబట్టి ఒక్కరోజు క్లాసు ఎగ్గొట్టినా మళ్ళీ అందుకోవడం కష్టం. శనాదివారాల్లో పారిస్ చూసొద్దామనే స్నేహితులు తగులుతారు. దానికి వేరే వీసా కావాలి, ఆ తిప్పలు పెట్టుకోకు. క్రెడిట్లు మీ కాలేజీ ఒప్పుకుంటుందో లేదో సిలబస్ చూపించి ముందే అడుగు. నోటిమాట నమ్మకుండా కాగితం మీద రాయించుకో.

ఇక అసలు సంగతి. ఈ సబ్జెక్టులో మన పిల్లలు బోల్తాపడేది గ్రాఫు దగ్గర. రెండు గీతలు గీసి, అవి కలిసినచోట చుక్క పెడితే అర్థమైపోయిందనుకుంటారు. ఇన్నేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి కదా, చూస్తూనే ఉన్నాను. తొంభై మార్కులు తెచ్చుకున్నవాళ్ళే, ద్రవ్యోల్బణం తగ్గితే ధరలు తగ్గినట్టేనా అని అడిగితే నీళ్ళు నమిలేవారు. తగ్గినట్టు కాదు తల్లీ, పెరిగే వేగం తగ్గినట్టు.

అందుకే మొదటి శనివారం సౌత్ కెన్సింగ్టన్‌లో సైన్స్ మ్యూజియంకి వెళ్ళు. ప్రవేశం ఉచితం. అక్కడ ఫిలిప్స్ యంత్రం ఉంది. బిల్ ఫిలిప్స్‌ది న్యూజిలాండ్, మొదట ఇంజినీరింగ్ పని నేర్చినవాడు. 1949లో మీ స్కూల్లోనే ఈ యంత్రాన్ని ప్రొఫెసర్ల ముందు నడిపి చూపించాడు. పారదర్శకమైన ప్లాస్టిక్ తొట్లు, గొట్టాలు. అందులో పారే రంగునీళ్ళే దేశంలో తిరిగే ఆదాయం. పన్నులకొక పాయ, పొదుపుకొకటి, దిగుమతులకొకటి విడిపోతాయి. ప్రభుత్వ ఖర్చు, పెట్టుబడి, ఎగుమతుల రూపంలో మళ్ళీ వచ్చి కలుస్తాయి. తొందరపడకుండా ఒక్కో గొట్టం ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో వెతుకు. బోర్డు మీద సమీకరణం వేసినప్పుడు ఏ అక్షరం ఏ గొట్టమో నీకే తెలుస్తుంది.

అక్కడ దిగగానే ప్రతి పౌండునూ రూపాయల్లోకి మార్చి చూస్తావు. మార్చు, తప్పులేదు. ఏవి మన ధరకి దగ్గరగా ఉన్నాయో, ఏవి మండిపోతున్నాయో వేరువేరుగా రాసుకో. ఫోను ధరలో పెద్ద తేడా కనబడదు. జుట్టు కత్తిరించుకోవాలంటే మాత్రం గుండె గుభేలుమంటుంది. ఫోను విమానమెక్కి దేశాలు దాటుతుంది. మన సెలూన్ కుర్రాడు రోజూ వెళ్ళి అక్కడ కత్తెర పట్టలేడు, కాబట్టి ఆ పనికి అక్కడి జీతమే ఇవ్వాలి. కొనుగోలు శక్తి పాఠం వచ్చేసరికి ఈ జాబితా నీ దగ్గరుండాలి.

క్లాసులో మొహమాటం వద్దు. అంబేద్కర్ మీ స్కూల్లోనే డీఎస్సీ పట్టా పొందారు. రూపాయి సమస్య మీద ఆయన రాసిన పుస్తకం 1923లో వచ్చింది. ముందుమాట రాసిన ఎడ్విన్ కానన్ అక్కడి ప్రొఫెసరే. శిష్యుడి వాదన చాలాచోట్ల తనకి సమ్మతం కాదని అందులోనే చెబుతూ మెచ్చుకున్నాడు. గురువుతో విభేదించినా మర్యాద తప్పినట్టు కాదన్నమాట.

నీకు అడగడానికొక ప్రశ్న కూడా ఇస్తున్నాను. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ద్రవ్యోల్బణ లక్ష్యం 2 శాతం. అంతకన్నా ఒక పాయింటుకు మించి అటో ఇటో జరిగితే గవర్నర్ ఆర్థికమంత్రికి బహిరంగంగా ఉత్తరం రాయాలి. మన రిజర్వ్ బ్యాంకుకి 4 శాతం, అటూ ఇటూ 2. వరసగా మూడు త్రైమాసికాలు గీత దాటితే సంజాయిషీ ఇవ్వాలి. 2022లో దాటింది, ఉత్తరమూ రాశారు. కానీ అప్పుడు దాన్ని జనానికి చూపించలేదు. ధరలు ఇంకా పెరుగుతాయన్న భయాన్ని ఈ రెండు పద్ధతుల్లో ఏది ఎక్కువ అదుపు చేస్తుందని మీ టీచరుని అడుగు. నాకైతే బయటపెట్టడమే మేలనిపిస్తుంది. ఆవిడో ఆయనో కాదంటే, ఎందుకు కాదన్నారో నాకు రాయి.

మీ పెదనాన్న